పార్లమెంటు సభ్యుడి ఓటు చరిత్రను చదివే పద్ధతి: చిత్తూరు సభ్యుడిగా ఎన్.జి. రంగా

తిరుపతిలోనో చిత్తూరులోనో రాజనీతిశాస్త్రం, చరిత్ర చదువుకొనే విద్యార్థులు, స్థానిక పత్రికలకు రాసేవారు ఒక ప్రజాప్రతినిధి గురించి వ్యాసం రాయడానికి కూర్చున్నప్పుడు ముందుగా దొరికేవి ఆయన గెలిచిన ఎన్నికలు, నిర్వహించిన పదవులు, పొందిన బిరుదులు. చట్టసభలో ఆయన ఏ బిల్లుకు ఔనన్నారు, దేనిని కాదన్నారు అన్న విషయానికి ఆ వ్యాసాల్లో ఒక్క వాక్యానికి మించి చోటు దక్కదు. చట్టాలు చేయడానికి మనం పంపిన మనిషి ఆ పని ఎలా చేశారో చెప్పకుండా ఆయన జీవితం రాయడం సరికాదని నేను గట్టిగా నమ్ముతాను. ఆ ఒక్క వాక్యాన్ని ఆధారాలతో ఎలా విస్తరించాలో ఇక్కడ వివరిస్తాను.

ఉదాహరణగా ఆచార్య ఎన్.జి. రంగాను తీసుకొంటున్నాను. ఆయన స్వస్థలం గుంటూరు జిల్లా నిడుబ్రోలు అయినా, 1962లో జరిగిన ఉప ఎన్నికలో చిత్తూరు నుంచి గెలిచి 1967 వరకు లోక్‌సభలో ఈ ప్రాంతానికి ప్రాతినిధ్యం వహించారు. మితవాద (రైటిస్టు) పక్షంగా పేరుపడిన స్వతంత్ర పార్టీకి ఆయన వ్యవస్థాపక అధ్యక్షుడు. ‘మితవాది’ అన్న ముద్ర ఆయనకు ఎంతవరకు వర్తిస్తుందో పార్టీ పేరును బట్టి తేల్చలేము. ఓట్లను బట్టి, ఆ ఓట్లకు ముందు జరిగిన చర్చలను బట్టి తేల్చాలి.

ముందు జీవితరేఖ

ఏ సభ్యుడి విషయంలోనైనా మొదట చేయవలసిన పని, ఆయన ఏ కాలంలో ఏ సభలో, ఏ నియోజకవర్గం నుంచి, ఏ పార్టీ తరఫున ఉన్నారో ఒక కాగితం మీద వరుసగా రాసుకోవడం. రంగా విషయంలో ఈ కాగితం పొడవుగానే ఉంటుంది. 1900 నవంబరు 7న పుట్టి, ఆక్స్‌ఫర్డ్‌లో అర్థశాస్త్రం చదివి, మద్రాసు పచ్చయ్యప్ప కళాశాలలో పాఠాలు చెప్పిన ఆయన 1930లో కేంద్ర శాసనసభలో ప్రవేశించారు. 1936లో ఏర్పడిన అఖిల భారత కిసాన్ సభ తొలి నాయకుల్లో ఒకరు. రాజ్యాంగ సభలో సభ్యుడు. 1951లో కాంగ్రెస్‌ను వీడి, తర్వాత కృషికార్ లోక్ పార్టీని నడిపి, 1955 ప్రాంతంలో మళ్లీ కాంగ్రెస్‌కు చేరువయ్యారు. 1952 నుంచి 1957 వరకు రాజ్యసభలో, 1957 నుంచి తెనాలి సభ్యుడిగా లోక్‌సభలో ఉన్నారు. 1959 జనవరిలో నాగపూరు కాంగ్రెస్ సమావేశం, రైతులు భూములను కలిపి ఉమ్మడిగా సాగుచేసే సహకార వ్యవసాయాన్ని సమర్థిస్తూ తీర్మానం చేయడంతో విభేదించి బయటికి వచ్చి, అదే ఏడాది రాజాజీతో కలిసి స్వతంత్ర పార్టీని స్థాపించారు. 1962లో చిత్తూరు, 1967లో శ్రీకాకుళం ఆయనను గెలిపించాయి. తర్వాత తిరిగి కాంగ్రెస్‌లో చేరి 1977లో రాజ్యసభకు, 1980, 1984, 1989 ఎన్నికల్లో గుంటూరు నుంచి లోక్‌సభకు వెళ్లారు. 1995 జూన్ 9న మరణించారు.

ఇన్ని మలుపులున్న జీవితాన్ని ఒకే విశేషణంతో ముగించకూడదు. 1930లలో జమీందారీ రైతుల పక్షాన నిలబడి జమీందార్లను ఎదిరించినవారే 1960లలో భూపరిమితి చట్టాలను ఎదిరించారు. ఈ రెండింటి మధ్య ఆయన మారారా, లేక భూమిని సాగుచేసే పట్టాదారు రైతుకు దాని మీద హక్కు ఉండాలన్న ఒకే అభిప్రాయం రెండు కాలాల్లో రెండు వేర్వేరు పక్షాల మీద పోరాడిందా అన్నదే మీ పరిశోధనలో అసలు ప్రశ్న కావాలి. దానికి జవాబు ఓట్ల పట్టికలోనూ ప్రసంగాల్లోనూ దొరుకుతుంది.

జీవితరేఖ రాసేటప్పుడే రెండు చిన్న జాగ్రత్తలు తీసుకోవాలి. ఉప ఎన్నికలో గెలిచిన సభ్యుడికి, ఆయన ప్రమాణం చేయకముందు జరిగిన ఓటింగుతో సంబంధం ఉండదు కనుక ప్రమాణ స్వీకారం తేదీని తప్పనిసరిగా గుర్తించండి. రెండవది, 1962 నాటి చిత్తూరు నియోజకవర్గాన్ని నేటి చిత్తూరుగా భావించకండి. మధ్యలో సరిహద్దులు పలుమార్లు మారాయి, ఇప్పటి స్థానం షెడ్యూల్డు కులాలకు రిజర్వు అయింది, 2022 ఏప్రిల్ 4 నుంచి తిరుపతి వేరే జిల్లా అయింది.

ఇక్కడే ఒక పక్క విషయం చెప్పుకోవడం మంచిది. 1962 సాధారణ ఎన్నికల్లో చిత్తూరు నుంచి గెలిచినవారు తిరుచానూరుకు చెందిన మాడభూషి అనంతశయనం అయ్యంగారు. ఆయన బీహారు గవర్నరుగా వెళ్లడం వల్లనే ఉప ఎన్నిక వచ్చింది. ఆయన 1956 నుంచి 1962 వరకు లోక్‌సభ స్పీకరు. రాజ్యాంగం 100వ అధికరణం ప్రకారం అధ్యక్ష స్థానంలో ఉన్నవారు మొదటి విడతలో ఓటు వేయరు. ఇరుపక్షాలకు సమానంగా ఓట్లు పడినప్పుడే నిర్ణాయక ఓటు వినియోగిస్తారు. కాబట్టి ఆ ఆరేళ్లలో అయ్యంగారి పేరు ఓట్ల జాబితాల్లో కనబడకపోతే దానిని గైర్హాజరుగా లెక్కించడం పెద్ద పొరపాటు. ఒక సభ్యుడి ఓటు ఎందుకు లేదో తెలుసుకోకుండా ‘పాల్గొనలేదు’ అని రాయకూడదని చెప్పడానికి మన ప్రాంతం నుంచే ఇంత మంచి ఉదాహరణ ఉంది.

రికార్డు ఎక్కడ ఉంటుంది, ఎలా ఉంటుంది

లోక్‌సభ చర్చల సంపుటాలే మూలాధారం. వాటిని పార్లమెంటు డిజిటల్ లైబ్రరీలో తేదీని బట్టి, సభ్యుడి పేరును బట్టి వెదకవచ్చు. రంగా చిత్తూరు సభ్యుడిగా ఉన్నది మూడవ లోక్‌సభ కాలం కనుక మూడవ సిరీస్ సంపుటాలు చూడాలి. పాత సంపుటాల్లో సంఖ్యలు పుటలకు కాక కాలమ్‌లకు ఉంటాయి. ఒక్కో పుటలో రెండు కాలమ్‌లు వస్తాయి. మీ వ్యాసంలో ఉటంకించేటప్పుడు కాలమ్ సంఖ్యనే ఇవ్వండి, లేకపోతే చదివేవారు ఆ మాటను పట్టుకోలేరు. అచ్చు సంపుటాల కోసమైతే శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం గ్రంథాలయంలో ప్రభుత్వ ప్రచురణల గురించి విచారించి చూడండి. ఆ రోజుల దినపత్రికల పాత సంచికలు దొరికితే అవి కూడా ఉపయోగపడతాయి. పత్రికలో వచ్చిన వార్త సభలోని వాతావరణాన్ని చెబుతుంది గాని, ఎవరు ఎటు ఓటు వేశారన్న దానికి దానిని ఆధారంగా తీసుకోకూడదు.

మన చట్టసభల్లో ఎక్కువ బిల్లులు మూజువాణి ఓటుతో నెగ్గుతాయి. అనుకూలురు ఔననీ, వ్యతిరేకులు కాదనీ అంటారు. ఏ గొంతు గట్టిగా వినబడిందో స్పీకరు ప్రకటిస్తారు. ఎవరి పేరూ నమోదు కాదు. ఆ ప్రకటనను ఎవరైనా సభ్యుడు సవాలు చేసి డివిజన్ కోరినప్పుడే పేర్లతో ఓటింగు జరుగుతుంది. అప్పుడు సంపుటంలో డివిజన్ సంఖ్య, సమయం, ఆపై ‘ఔను’ జాబితా, ‘కాదు’ జాబితా, చివర స్పీకరు ప్రకటించిన ఫలితం వరుసగా అచ్చవుతాయి. పేర్లలో ఇంటిపేరో వాడుక పేరో ముందు, గౌరవ వాచకం తర్వాత వస్తాయి. రెడ్డి, నాయుడు, రావు వంటి పేర్లు ఒకే జాబితాలో అనేకం ఉంటాయి కనుక పొడి అక్షరాలను నియోజకవర్గాల జాబితాతో పోల్చి చూడకుండా ఎవరి ఖాతాలోనూ ఓటు వేయకండి. జాబితా కింద చిన్న అక్షరాల్లో ఉండే గమనికలను కూడా వదలకండి: పొరపాటున మరో పక్షం మీట నొక్కానని సభ్యుడు చెప్పినప్పుడు ఆ దిద్దుబాటు అక్కడే నమోదవుతుంది. ఆ గమనిక చదవని పరిశోధకుడు ఒక మనిషికి ఆయన జీవితాంతం వ్యతిరేకించిన అభిప్రాయాన్ని అంటగట్టే ప్రమాదం ఉంది.

ఒక ఓటును పూర్తిగా చదవడం: పదిహేడవ సవరణ

అన్ని డివిజన్లనూ ఒకేసారి చదవబోకుండా రాజ్యాంగ సవరణ బిల్లులతో మొదలుపెట్టండి. 368వ అధికరణం ప్రకారం సవరణ నెగ్గాలంటే సభ మొత్తం సభ్యత్వంలో సగానికి మించి, హాజరై ఓటు వేసినవారిలో మూడింట రెండు వంతులకు తగ్గకుండా మద్దతు ఉండాలి. ఆ లెక్క తేలాలంటే ఓట్లను లెక్కించక తప్పదు కనుక సవరణ బిల్లుల మీద పేర్లతో ఓటింగు జరుగుతుంది. రంగా చిత్తూరు సభ్యుడిగా ఉన్న కాలంలో ఆయన రాజకీయానికి కేంద్రంగా నిలిచింది రాజ్యాంగ పదిహేడవ సవరణ. దానిని చదివే పద్ధతిని కొంచెం వివరంగా చెబుతాను.

ముందు బిల్లు ఎందుకు వచ్చిందో తెలుసుకోవాలి. 1948 మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టంతో కార్వేటినగరం, పుంగనూరు, శ్రీకాళహస్తి వంటి జమీందారీలు పోయి రైతులు నేరుగా ప్రభుత్వానికి శిస్తు కట్టే రైతువారీ పద్ధతిలోకి వచ్చారు. 1951లో రాజ్యాంగంలో చేర్చిన 31ఎ అధికరణం ‘ఎస్టేట్’ల మీద హక్కులను ప్రభుత్వం స్వాధీనం చేసుకొనే చట్టాలకు రక్షణ ఇచ్చింది. రైతువారీ భూమి ఆ నిర్వచనంలోకి రాదని 1961 డిసెంబరులో కరింబిల్ కున్హికోమన్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చి, కేరళ వ్యవసాయ సంబంధాల చట్టం అటువంటి భూములకు వర్తించదన్నది. ఆ తీర్పును అధిగమించడానికి కేంద్ర ప్రభుత్వం ‘ఎస్టేట్’ నిర్వచనంలో రైతువారీ భూమిని చేరుస్తూ, న్యాయస్థానాల పరిశీలన నుంచి రక్షణ కల్పించే తొమ్మిదో షెడ్యూలులో మరో 44 చట్టాలను చేరుస్తూ సవరణ తెచ్చింది. ఆ 44లో మొదటిది 1961 నాటి ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ భూముల గరిష్ఠ పరిమితి చట్టం. అంటే చిత్తూరు, పలమనేరు, చంద్రగిరి ప్రాంతాల పట్టాదారు రైతు భూమికి ఈ బిల్లుతో నేరుగా సంబంధం ఉంది. సభ్యుడి ఓటుకూ నియోజకవర్గపు నేలకూ ఉన్న ఈ లంకె కనిపించిన తర్వాతనే ఓటు వివరాలకు వెళ్లాలి.

తర్వాత బిల్లు పాఠం చదవాలి. చాలామంది దాటవేసేది ఇదే. పదిహేడవ సవరణ 31ఎ అధికరణానికి ఒక రక్షణ వాక్యాన్ని కూడా జోడించింది: రైతు స్వయంగా సాగుచేసుకొంటున్న భూమి చట్టం నిర్ణయించిన పరిమితికి లోబడి ఉంటే, మార్కెట్ విలువకు తగ్గని పరిహారం ఇవ్వకుండా ప్రభుత్వం దానిని తీసుకోరాదు. ఈ వాక్యం చదివినవారికి, చిన్న రైతు భూమంతా పోతుందన్న ప్రచారంలో ఎంత సబబు ఉందో, ఎంత అతిశయం ఉందో తెలుస్తుంది. అదే సమయంలో, పరిమితి ఎంతో నిర్ణయించేది రాష్ట్ర శాసనసభ కనుక ఆ పరిమితిని రేపు తగ్గిస్తే ఈ రక్షణ కూడా తగ్గుతుందన్న వాదనకు బలం ఎక్కడిదో కూడా తెలుస్తుంది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టకుండా రంగా ఓటును మెచ్చుకోవడం గాని తప్పుపట్టడం గాని తొందరపాటని నా అభిప్రాయం.

ఇక బిల్లు నడిచిన దారి. ఇది ఉభయ సభల సభ్యులుండే సంయుక్త సంఘానికి వెళ్లి వచ్చిన బిల్లు. అటువంటి సంఘం నివేదిక చివర అసమ్మతి తెలిపిన సభ్యుల వివరణలు ఉంటాయి. సభలో సమయం చాలక చెప్పలేని వాదనలు అక్కడ విపులంగా దొరుకుతాయి. 1964 ఏప్రిల్‌లో బిల్లును పరిశీలనకు చేపట్టాలన్న తీర్మానానికి ఓటు వేసినవారిలో అత్యధికులు అనుకూలురే అయినా, మొత్తం సభ్యత్వంలో సగానికి మించిన మద్దతు లేక అది వీగిపోయింది. ప్రభుత్వం బిల్లును మళ్లీ తెచ్చింది. మే 27న నెహ్రూ మరణించారు. జూన్ 20న సవరణ అమలులోకి వచ్చింది. ఒకే సవరణకు రెండు విడతల్లో ఓటింగు జరిగింది గనుక మీరు ఏ తేదీ డివిజన్ గురించి రాస్తున్నారో స్పష్టంగా పేర్కొనాలి. మొదటి విడత పరిశీలన తీర్మానం దగ్గరే ఆగిపోయింది; రెండవ విడతలో పరిశీలన తీర్మానం మీద, బిల్లులోని ఒక్కో క్లాజు మీద, తుది ఆమోదం మీద విడివిడిగా ఓట్లు ఉంటాయి. ఒక సభ్యుడు రక్షణ వాక్యం ఉన్న క్లాజు మీద ఎలా ఓటు వేశారు, తొమ్మిదో షెడ్యూలు మీద ఎలా వేశారు అన్నవి పోల్చి చూస్తే ఆయన అభ్యంతరం దేని మీదో తేలుతుంది. బిల్లు సంఖ్యకూ సవరణ సంఖ్యకూ తేడా రావచ్చన్నది కూడా గుర్తుంచుకోవాలి. ఇటీవలి జీఎస్టీ సవరణ 122వ సవరణ బిల్లుగా వచ్చి 2016లో 101వ సవరణ చట్టమైంది.

స్వతంత్ర పార్టీ ఈ సవరణను సభలోనూ బయటా తీవ్రంగా వ్యతిరేకించింది. ఆ వ్యతిరేకతకు ముందు నిలిచినవారిలో రంగా ఒకరు. ఆ వ్యతిరేకతను కనీసం మూడు రకాలుగా అర్థం చేసుకోవచ్చు. అది పెద్ద భూస్వాముల ఆస్తిని కాపాడే ప్రయత్నం కావచ్చు. జమీందారు నుంచి విముక్తుడైన పట్టాదారు ఇప్పుడు ప్రభుత్వమనే మరో జమీందారు చేతిలో పడకూడదన్న ఆందోళన కావచ్చు. పౌరుడికి కోర్టు తలుపు మూయకూడదన్న రాజ్యాంగ సూత్రం కావచ్చు. వీటిలో ఏది ఎంత అన్నది ప్రసంగాల్లో వెదకాలి. ఎదుటి పక్షం మాట కూడా అంతే శ్రద్ధతో చదవాలి: కోర్టు వ్యాజ్యాల్లో చట్టాలు చిక్కుకొని ఉన్నంతకాలం కౌలుదారుకు, భూమి లేని కూలీకి ఏమీ దక్కదన్న వాదన తేలికగా కొట్టిపారేయదగినది కాదు. కిసాన్ సభ నాటి రంగా రైతుతో పాటు కూలీ గురించి కూడా మాట్లాడినవారు కనుక, 1964 ప్రసంగాల్లో కూలీకి ఎంత చోటు దక్కిందో చూడడం ఆయన జీవితాన్ని కొలవడానికి చాలా న్యాయమైన పద్ధతి.

తర్వాతి పరిణామాలను ముందటి ఓటుకు అంటగట్టకూడదు. 1964 అక్టోబరులో సజ్జన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ సవరణను సమర్థించింది, 1967లో గోలక్‌నాథ్ కేసులో ప్రాథమిక హక్కులను సవరించే అధికారం పార్లమెంటుకు లేదన్నది, 1973లో రాష్ట్రంలో మరింత కఠినమైన భూసంస్కరణల చట్టం వచ్చింది. వీటిని నేపథ్యంగా చెప్పవచ్చు. ఇవేవీ ఆ ఓటు వేసేనాటికి సభ్యుల చేతిలో ఉన్న సమాచారం కాదు.

తక్కువ చెప్పే ఓట్లు

1963 ఆగస్టులో ఆచార్య కృపలానీ నెహ్రూ ప్రభుత్వం మీద పెట్టిన అవిశ్వాస తీర్మానం లోక్‌సభ చరిత్రలో మొదటిది. అది 62 మంది మద్దతుతో, 347 మంది వ్యతిరేకతతో వీగిపోయింది. ఇంత ప్రసిద్ధమైన ఓటు కాబట్టి వ్యాసకర్తలు దీనితోనే మొదలుపెడతారు. నాకు మాత్రం ఇది మితవాదాన్ని కొలవడానికి పనికివచ్చే ఓటుగా తోచదు, ఎందుకంటే స్వతంత్ర పార్టీకీ సోషలిస్టు రామమనోహర్ లోహియాకూ ఆర్థిక విధానంలో పొత్తు కుదరకపోయినా, ప్రభుత్వాన్ని వ్యతిరేకించడంలో ఇద్దరూ ఒకే వైపు నిలిచారు. అవిశ్వాసం, రాష్ట్రపతి ప్రసంగానికి ధన్యవాద తీర్మానం, బడ్జెట్ ఆమోదం వంటి ఓట్లు సభ్యుడు ఏ పక్షంలో ఉన్నారో చెబుతాయి; ఆయన ఏమి నమ్మారో చెప్పవు. వాటిని ఒక్క పంక్తిలో నమోదు చేసి ముందుకు సాగండి.

గైర్హాజరు విషయంలో తొందరపడి తీర్పు చెప్పకండి. డివిజన్ జాబితాలో పేరు లేకపోవడానికి అనారోగ్యం, ప్రయాణం, సభ నుంచి నిరసనగా వెళ్లిపోవడం, ఉద్దేశపూర్వకంగా తటస్థంగా ఉండడం ఏదైనా కారణం కావచ్చు. ఆ రోజు చర్చలో ఆయన మాట్లాడారా, సెలవు మంజూరైందా, పార్టీ వాకౌట్ చేసిందా అన్నవి అదే సంపుటంలో చూడవచ్చు. కొన్ని సందర్భాల్లో ఒక్క ఓటు విలువ ఎంతో 1970 సెప్టెంబరులో తెలిసింది: మాజీ సంస్థానాధీశులకు ప్రభుత్వం చెల్లించే రాజభరణాల రద్దు సవరణ లోక్‌సభలో నెగ్గినా, రాజ్యసభలో 149 అనుకూల, 75 వ్యతిరేక ఓట్లతో మూడింట రెండు వంతులకు ఒక్క ఓటు కంటే తక్కువ తేడాతో వీగిపోయింది.

మూజువాణితో ముగిసిన బిల్లుల విషయంలో ప్రసంగాలు, ప్రతిపాదించిన సవరణలు, బడ్జెట్ పద్దులను తగ్గించాలని కోరే కోత తీర్మానాలు, అడిగిన ప్రశ్నలు ఆధారాలవుతాయి. అటువంటి చోట ‘ఓటు వేశారు’ అని రాయకుండా ‘చర్చలో వ్యతిరేకించారు’ అని రాయడం నిజాయితీ.

1985 తర్వాతి సభ్యులను చదివేటప్పుడు

ఇదే పద్ధతిని ఇప్పటి తిరుపతి, చిత్తూరు సభ్యులకు అన్వయించాలనుకొనేవారు ఒక పెద్ద తేడాను గమనించాలి. 1985లో 52వ సవరణ రాజ్యాంగానికి పదవ షెడ్యూలును చేర్చింది. ఎలా ఓటు వేయాలో చెప్పే పార్టీ ఆదేశానికి (విప్‌కు) విరుద్ధంగా, ముందస్తు అనుమతి లేకుండా ఓటు వేసినా, ఓటు వేయకుండా ఉన్నా, పార్టీ 15 రోజుల్లో దానిని క్షమించకపోతే సభ్యత్వం పోతుంది. 1992లో కిహోతో హోల్లోహాన్ కేసులో సుప్రీంకోర్టు ఈ షెడ్యూలును ప్రధానంగా సమర్థించింది. అందువల్ల 1985 తర్వాత డివిజన్ జాబితాలోని ‘ఔను’, ‘కాదు’ చాలావరకు పార్టీ నిర్ణయాలు. 1964లో పార్టీ క్రమశిక్షణ లేదని కాదు. ధిక్కరించినవారు పార్టీలో స్థానం పోగొట్టుకొనేవారు గాని సభలో స్థానం పోగొట్టుకొనేవారు కారు. పైగా రంగా తన పార్టీకి తానే అధ్యక్షుడు కనుక ఆ ఓటుకు బాధ్యత ఆయనదే. ఆయన 1985 తర్వాత గుంటూరు సభ్యుడిగా, కాంగ్రెస్ పక్షాన వేసిన ఓట్లను చిత్తూరు కాలపు ఓట్లతో ఒకే పట్టికలో కలిపేస్తే రెండింటికీ అన్యాయం జరుగుతుంది. విడి పట్టికలు వేసి, రెండవ దాని పైన పదవ షెడ్యూలు సంగతి రాయండి.

నేటి సభ్యుల విషయంలో ఓటు కంటే ప్రశ్నలు, స్థాయీ సంఘాల్లో చేసిన పని, మంత్రులు కాని సభ్యులు తెచ్చే ప్రైవేటు మెంబర్ బిల్లులు ఎక్కువ చెబుతాయి, ఎందుకంటే అవి సభ్యుడు స్వయంగా ఎంచుకొన్నవి. లోక్‌సభ వెబ్‌సైటులో సభ్యుడి పేరు కింద ఇవి దొరుకుతాయి. హాజరు శాతాన్ని పని తీరుగా చూపే అలవాటు ఇప్పుడు బాగా పెరిగింది; దానికి మీ వ్యాసంలో ఒక వాక్యం చాలు.

రాసేటప్పుడు ప్రతి ఓటుకు తేదీ, బిల్లు పేరు, ఓటింగు దశ, సభ్యుడి పక్షం, మొత్తం ఫలితం, సంపుటం, కాలమ్ సంఖ్య ఒకే వరుసలో పెట్టుకోండి. మీ వ్యాఖ్యానాన్ని ఆ పట్టికలో కలపకుండా దాని కింద వేరే పేరాలో రాయండి, అప్పుడు మీ అభిప్రాయంతో ఏకీభవించని పాఠకుడు కూడా మీ పట్టికను వాడుకోగలడు. ప్రసంగాలు ఆంగ్లంలో ఉన్నచోట మీరు చేసిన తెలుగు అనువాదాన్ని కొటేషన్ గుర్తుల్లో పెట్టకండి. సారాంశమని చెప్పి, మూల వాక్యం ఉన్న కాలమ్ సంఖ్య ఇవ్వండి.